ఇరవై ఒకటో ఏటికల్లా చెప్పాల్సిన మాట

చట్టం చాలా దయగలది. చిన్నతనంలో మనకెవరైనా అన్యాయం చేస్తే, పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఓపిక పట్టి, ఆ పైన ఇంకో మూడేళ్లు కూడా ఇస్తుందట. ఇరవై ఒకటో ఏడు దాటిందా, ఇక ఇంటికి పోయి అన్నం వండుకోవచ్చు. ఈ శుభవార్త నాకు ముప్పై ఏడో ఏట, పెనుకొండలో లాయరు ఉదయ్ కుమార్ ఆఫీసులో తెలిసింది.

నా పుట్టిల్లు ధర్మవరం, మెట్టినిల్లు హిందూపురం. లాయరు కోసం దారిలోని పెనుకొండలో ఎందుకు బస్సు దిగానంటే, ధర్మవరంలో ఏ లాయరు భార్య బీరువా తెరిచినా సుధాకర్ మామ నేసిన పట్టుచీర ఒకటైనా ఉంటుంది. అంత పేరున్న మనిషి మీద దావా వెయ్యమంటే వాళ్లు ముందు ఆయనకే ఫోన్ చేస్తారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో మా ఇంట్లోవాళ్లు నన్ను ఆయన మగ్గం మీద కూర్చోబెట్టారు. మా వైపు నేసేవాడి పక్కన ఒక చిన్నపిల్ల కూర్చుని చీర మీది పూల బుటాలకు పోగులు అందిస్తుంది. చిన్న వేళ్లయితే పోగు తెగదని నమ్మకం. కాళ్లు మగ్గం కింద తవ్విన గుంతలో ఉంటాయి కాబట్టి గబుక్కున లేచి పరుగెత్తడానికి ఉండదు. ఆ సెలవుల్లో ఆయన చేతులు మగ్గం మీద మాత్రమే ఉండలేదు. ఇంతకంటే మీకు చెప్పను, చెప్పాల్సినదంతా మా అమ్మ అంజనమ్మకు అప్పుడే చెప్పాను.

అమ్మ ఏడుస్తూ కులపెద్ద పెద్దప్ప దగ్గరికి పోయింది. ఆయన మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు. "ఆడపిల్ల గదా అంజనమ్మా. ఇప్పుడు నోరెత్తితే పెండ్లి కాదు. పెండ్లయినాక మేం చూస్తాంలే. పెండ్లిచీర సుధాకరే నేసిస్తాడు, పో."

అమ్మ పిచ్చిది, అదే న్యాయం అనుకుంది. ఇరవై రెండో ఏట నాకు పెళ్లయింది. చట్టం అప్పటికే తలుపేసుకుని పడుకుంది. నేను ఆయన నేసిన చీర కట్టుకుని పీటల మీద కూర్చుంటే బంధువులంతా కొంగు పట్టుకుని చూసి, "అబ్బబ్బ, ఏం పనితనం!" అని మెచ్చుకున్నారు. తర్వాత పెద్దప్పను అడిగితే, "ఇంకెందుకమ్మా, చక్కగా కాపురం చేసుకుంటాండావు గదా" అన్నాడు. ఎంత ముందుచూపు!

ఇప్పుడెందుకు ఇదంతా తవ్వానంటే, నా తమ్ముడు మంజునాథ్ తన కూతురు వెన్నెలను ఈ సెలవులకు అదే మగ్గం మీదికి పంపుతానన్నాడు. దానికీ తొమ్మిదేళ్లే. నేను ఫోన్లో ఏడ్చి, ఉన్నదంతా చెప్పాను.

"నిజమైతే ఇన్నేండ్లూ కేసెందుకు వెయ్యలేదక్కా? ఆయప్ప నేసిన చీరే కట్టుకొని పెండ్లి చేసుకుంటివే" అన్నాడు వాడు. "కోర్టు చెప్తే నమ్ముతా."

అక్క చెబితే చాలదు, కోర్టు చెప్పాలి! సరే, అదీ చూద్దామని లాయరు దగ్గరికి వెళ్లాను.

"నష్టపరిహారం దావాకు గడువు అయిపోయిందమ్మా" అన్నాడు ఉదయ్ కుమార్.

"పోలీసు కేసు సార్?"

"అప్పటి సెక్షన్‌కు అదీ మూడేండ్లే. పిల్లల కోసం గట్టి చట్టం వచ్చేసరికి నువ్వు పెద్దదానివైనావు."

"తప్పు నాదే సార్. ఆ చట్టం వచ్చేదాకా చిన్నపిల్లగానే ఉండాల్సింది."

ఆయన నవ్వలేదు. మంచివాడే పాపం. "ఈ మాట బయట మాత్రం అనొద్దు తల్లీ. పరువు పోయిందని ఆయప్ప నీ మీద దావా వేస్తాడు" అన్నాడు.

"దానికి ఆయప్పకెంత టైముండాది?"

"నువ్వు అన్న రోజు నుంచి ఏడాది."

"వేస్తే ఏమైతాది?"

"నువ్వు చెప్పింది నిజమా కాదా అని జడ్జి వినాల్సొస్తాది."

నేను నేరుగా ధర్మవరం బస్సెక్కాను.

వెళ్లేసరికి సుధాకర్ మామ షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతున్నాయి. మంజు అప్పుడే టెంకాయ కొట్టి, పసుపు బొట్టు పెట్టి కూతురిని కూర్చోబెట్టాడు. వెన్నెల కాళ్లు గుంతలో ఉన్నాయి. మామ దాని పక్కన కూర్చుని, "రా తల్లీ, దగ్గరికి జరుగు" అంటున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఆ సెలవుల్లో ఈ మగ్గం మీద నాకేం జరిగిందో షెడ్డంతా వినేలా చెప్పాను. పిల్ల ముందు అలాంటి మాటలా అంటారేమో, మొట్టమొదట వినాల్సింది ఆ పిల్లే కదా. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏం కూస్తాండావే? పరువునష్టం కేసేసి నిన్ను కోర్టుకు ఈడుస్తా!" అని అరిచాడు మామ.

"ఈడువు మామా, నీకు పుణ్యముంటాది! నేనేస్తే టైమైపోయిందంటాండారు. నువ్వేస్తేనే జడ్జి నా మాట వింటాడంట. నీకు ఏడాది టైముండాది. నా మాదిరి ఆలస్యం చేసుకోవద్దు."

నేతగాళ్లంతా మామ వైపే చూస్తున్నారు. మంజు కూడా చూస్తున్నాడు.

"ఏం మామా, వేస్తావా?" అని అడిగాడు వాడు మెల్లగా.

"పని చూసుకోండ్రా అందరూ!" అన్నాడు మామ. ఎవరి మగ్గమూ కదల్లేదు.

మంజు ఇంకొక్క క్షణం ఆయన ముఖం చూశాడు. తర్వాత వంగి, వెన్నెల రెండు చేతులూ పట్టుకుని గుంతలోంచి పైకి లాగాడు.