హారన్ మోగితే తెరుచుకునే ఇల్లు

అమీర్‌పేటలో తెల్లవారగానే రాజమ్మ చేసే మొదటి పని, ఇంట్లో మూత ఉన్న ప్రతిదానికీ తాడు కట్టడం. బట్టల సందూకకు ఒకటి, బియ్యం డబ్బాకు ఒకటి, కోళ్ల గంప మీద పెద్ద రాయి. ఇంత చేసినా లాభం లేదని ఆమెకు తెలుసు. రోడ్డు మీద మోటారు హారన్ మోగిందంటే తాళ్లు ఊడిపోతాయి, రాయి దొర్లిపోతుంది, అన్నీ బార్లా తెరుచుకుంటాయి.

దీనికంతా కారణం ఆమె మొగుడు బుచ్చయ్య. పంజాగుట్టలో ఒక నవాబుగారి బంగళా గేటు దగ్గర ముప్పై ఏళ్లు కాపలా ఉన్నాడు. మలుపులో హారన్ వినిపిస్తే మోటారు చేరేలోపు గేటు తెరిచి ఉండాలి, లేదా తిట్లు తినాలి. పని మానేసి మూడేళ్లయింది. అయినా హారన్ చెవిన పడితే కంకర మీద చక్రాల చప్పుడు, ఆ తిట్లు అన్నీ మళ్లీ వినిపించేవి. చేతిలో ముద్ద వదిలేసి వాకిట్లోకి ఉరికి, అక్కడ లేని గేటును రెండు చేతులా తెరిచేవాడు. దాంతోపాటే చుట్టుపక్కల మూసి ఉన్నవన్నీ తెరుచుకునేవి.

వాడకట్టులో ఎవరికీ ఇది వింత కాదు. తాళంచెవి పోగొట్టుకున్నప్పుడల్లా పక్కింటి పోచమ్మ బుచ్చయ్యను పిలిచి, మోటారు వచ్చేదాకా తన అరుగు మీద కూర్చోబెట్టుకునేది.

రాజమ్మకు మాత్రం ప్రాణం విసిగిపోయింది. పప్పుకుండలో కుక్క మూతి పెట్టేది. కోళ్లు యూసుఫ్‌గూడ దాకా పోతే వెతకలేక చచ్చేది. మొగుడి చెవుల్లో దూది కుక్కి చూసింది. దూది కూడా ఊడిపడింది.

"జర కూసుండలేవా? గా గేటు నీ అయ్య కట్టిచ్చిండా?" అని నిలదీసింది ఒకరోజు.

"నేనేం జెయ్యాలె? కాళ్లే లేస్తున్నయ్," అన్నాడు బుచ్చయ్య, తప్పు చేసినవాడిలా.

యుద్ధం వచ్చి పెట్రోలు కరువై మోటార్లు తగ్గాక రాజమ్మకు కాస్త ఊపిరాడింది.

ఆ ఎండాకాలం కూతురు భూలక్ష్మి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మంగళవారం తెల్లవారుజామున మొదలైన నొప్పులు బుధవారం మధ్యాహ్నమైనా తెగలేదు. మిషన్ దవాఖాన నుంచి వచ్చిన మంత్రసాని దేవమణి చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చి ఉన్నమాట చెప్పింది. బిడ్డ తల కిందికే ఉంది, దారే తెరుచుకోవడం లేదు. ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోతే భూలక్ష్మి ఆ కుదుపులు తట్టుకోదు. ఇంకో గంట ఇలాగే గడిస్తే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరు.

కాన్పు కష్టమైతే ఇంట్లో ముడులన్నీ విప్పడం ఆనవాయితీ. రాజమ్మ తాను కట్టిన తాళ్లన్నీ తానే విప్పింది, సందూక తెరిచింది, చివరికి తన కొప్పు ముడి కూడా విప్పేసింది. ఏమీ కాలేదు. అప్పుడు ఆమె చూపు అరుగు మీద తల పట్టుకుని కూర్చున్న మొగుడి మీద పడింది.

"పొద్దుగాల సంది ఒక్క మోటారు సుత రాలేదా?"

"పెట్రోలు యాడున్నదే?" అన్నాడు బుచ్చయ్య.

రాజమ్మ ఇంటి ముందున్న రోడ్డు మీదికి పరుగెత్తింది. ఎంతసేపు చూసినా ఎడ్లబండ్లే. చివరికి బేగంపేట వైపు నుంచి దుమ్ము రేపుకుంటూ మిలిటరీ లారీ ఒకటి వచ్చింది. ఆమె రోడ్డు నడిమధ్యన చేతులు చాపి నిలబడింది. డ్రైవర్ దూరం నుంచే హారన్ కొట్టాడు, అది ఇంటిదాకా అందలేదు. ఆమె కదల్లేదు. దగ్గరికొచ్చి లారీ ఆపి ఉర్దూలో నోటికొచ్చినట్టు తిట్టాడు. అయినా కదలకపోయేసరికి ఒళ్లు మండి హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు.

అరుగు మీంచి బుచ్చయ్య లేచి వాకిట్లోకి ఉరికాడు. రెండు చేతులూ బలంగా విడదీశాడు. వాడకట్టులో తలుపులు, కిటికీలు, ఊరగాయ జాడీలు, దేవమణి మందుల సంచి, అన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. లోపల భూలక్ష్మి గట్టిగా కేక పెట్టింది. దాని వెనకే సన్నటి ఏడుపు వినిపించింది.

దేవమణి గడపలోకి వచ్చి ఆడపిల్ల అని, ఇద్దరూ క్షేమమని చెప్పాక గానీ రాజమ్మ రోడ్డు వదల్లేదు. డ్రైవర్‌కు దండం పెట్టింది. అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

బుచ్చయ్య ఇంకా వాకిట్లోనే తల వంచుకుని నిలబడి ఉన్నాడు. "ఎవరొచ్చిన్రు?" అని అడిగాడు.

రాజమ్మకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. "ముప్పై ఏండ్లు ఎవళ్లెవళ్లకో తెరిచినవ్. ఇయ్యాల వచ్చింది నీ మన్మరాలు. నడువ్ లోపలికి."

వచ్చినవాళ్లు లోపలికి పోయాక కాపలావాడు బయటే ఉండాలి. అతని కాళ్లకు అంతే తెలుసు, కదల్లేదు. రాజమ్మ విసుక్కుంటూ జబ్బ పట్టుకుని అతన్ని లోపలికి ఈడ్చుకుపోయింది.