తాళం ఇవ్వను

ఆ బండికి ఏడు సీట్లు. ఎక్కాలంటే నాకు మెట్టు కావాలి, ముందున్న రోడ్డు కనపడాలంటే కింద దిండు కావాలి. ఈ అరబ్బు దేశంలో, రిఫా ఊళ్ళో ఉండే మా మేడమ్ నాలుగో కాన్పు తర్వాత చిన్న కారు అమ్మేసి దాన్ని కొంది. చిన్న కారులో పిల్లల్ని స్కూలుకు దించింది నేనే. లైసెన్సు వచ్చి ఇంకా ఏడాది కాలేదు.

"దీన్ని ఎక్కడైనా గుద్దావంటే మగ డ్రైవర్ని పెట్టుకుంటాను మెర్సీ. నువ్వు మళ్ళీ వంటింట్లోకే" అని తాళం చేతికిస్తూనే చెప్పింది మేడమ్. ఆ వంటింట్లో ఆరేళ్ళు చేశాను. వంటంటే నాకు చులకన లేదు. కానీ స్టీరింగు పట్టుకున్నాక మళ్ళీ ఆ కిటికీ లేని గదిలోకి పొమ్మంటే మాత్రం నా వల్ల కాదు.

ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. చేయి అలవాటు కావాలని శుక్రవారం ప్రార్థనకు ఆ బండిలోనే వెళ్ళమంది. మా తెలుగు క్రైస్తవుల సహవాసం పాత బజారు వెనక సందులో, ఒక మేడ మీది హాల్లో జరుగుతుంది. పక్క వీధి ఇంట్లో వంట చేసే జీవమ్మ పిన్నిని ఎక్కించుకుని బయల్దేరాను. సందు ఇరుకుగా ఉందని రెండు వైపులా అద్దాలు మడిచేసి దూరాను. మళ్ళీ విప్పాలన్న తెలివి ఉండొద్దూ!

ప్రార్థనయ్యి కిందికొస్తే, ముందు నీళ్ళ ట్యాంకరు అడ్డంగా ఆగి మేడ మీదికి నీళ్ళెక్కిస్తోంది. రెండు పక్కలా కార్లు. వెనక్కే పోవాలి, సందు చివర మలుపు కూడా తిప్పాలి. రివర్సు వేశానో లేదో, బండి నాలుగు వైపుల నుంచీ కుయ్యి కుయ్యిమంది. అప్పటికే మగాళ్ళంతా మెట్లు దిగొచ్చారు.

"లెఫ్టు కొట్టండి సిస్టర్!"

"లెఫ్టు కాదండీ, తిన్నగా రండి!"

"ముందు ముందుకెళ్ళండి!"

నా తల ప్రాణం తోకకొచ్చింది. బ్రేకు మీద కాలు తీయలేదు.

అచ్చిబాబు గారు తగుదునమ్మా అని ముందుకొచ్చి కిటికీలోంచి చెయ్యి చాపాడు. ఆయన హిద్ అనే ఊళ్ళో కంపెనీ లారీ నడుపుతాడు. తన బావమరిదికి నా పని ఇప్పించమని ఇప్పటికే రెండుసార్లు మా గేటు దాకా వచ్చి మేడమ్‌ను అడిగిన మనిషి.

"దిగండి సిస్టర్. తాళం ఇలా ఇయ్యండి, ఇట్టే తీసేస్తాను. ఇయ్యేమన్నా ఆడోళ్ళ బళ్ళా అండీ?"

దిగిపోదామనే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఇవాళ తాళమిస్తే, మెర్సీకి చేతకాక ఆయనే తీశాడన్న మాట రేపు మా మేడమ్ చెవిన పడుతుంది.

"ఇవ్వను" అన్నాను. మడిచిన అద్దాలు విప్పాను. "అందరూ పక్కకు తప్పుకోండి. ఎవరూ మాట్లాడకండి. జీవమ్మ పిన్ని ఒక్కతే చెబుద్ది."

ఒకటే నవ్వులు. "ఆవిడకి కారు తలుపు తియ్యటమే రాదు కదండీ!"

"అందుకే. ఆవిడకి సలహాలియ్యటం రాదు. ఉన్నది ఉన్నట్టు చెబుద్ది."

పిన్ని చెంగు నడుముకు దోపి, బండి వెనకాల ఒక పక్కకు నిలబడింది.

"మూరెడుందమ్మా... జానెడుంది... బెత్తెడుంది... ఇంక లేదు, ఆగు!"

ఆగాను. కాస్త ముందుకొచ్చి మళ్ళీ తిప్పాను. ఎవరో హారన్ కొట్టారు. కొట్టుకోనీ అనుకున్నాను. మలుపు దగ్గర వెనకే చూస్తూ బండి ముక్కు సంగతి మరిచాను. ముందు బంపరు కరెంటు స్తంభానికి రాసుకుని కర్రుమంది. అయినా స్టీరింగు సరిచేసుకుని బండిని పెద్ద రోడ్డు దాకా తెచ్చే దిగాను. బెత్తెడు వెడల్పున రంగు లేచిపోయింది.

అచ్చిబాబు గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పార్కింగులో ఎవడో గీసేశాడని చెప్పెయ్యండి. మేమెవరం నోరెత్తం."

ఆ మాట ఈయన కడుపులో ఉన్నంతకాలం నేను ఈయనకు దణ్ణాలు పెడుతూ బతకాలి. ఆయన ముందే మేడమ్‌కు ఫోను చేసి స్పీకరులో పెట్టాను.

"మేడమ్, బండి స్తంభానికి రాసుకుంది. నడిపింది నేనే."

మేడమ్ అరబ్బీలో తిట్టింది. అందరూ విన్నారు. ఇక్కడ మా వాళ్ళకు అరబ్బీలో ఇంకేం రాకపోయినా తిట్లు వస్తాయి. అన్నీ అయ్యాక అడిగింది.

"ఆ సందులోంచి ఎవరు తీశారు?"

"నేనే మేడమ్. తాళం ఎవ్వరికీ ఇవ్వలేదు."

నాకు వంటింటి గోడలే కళ్ళ ముందు కనిపించాయి. తీసేస్తే తీసేయనీ, ఇవాళ్టికి మాత్రం డ్రైవర్ని నేనే అనుకున్నాను.

"ఆదివారం పిల్లల స్కూలుంది. నువ్వే తీసుకెళ్ళాలి. ఆలస్యం చెయ్యకు" అని పెట్టేసింది.

కళ్ళు తుడుచుకుని, దిండు సర్దుకుని ఎక్కాను. పిన్ని నా పక్కన కూర్చుంది. ఎండ మండిపోతోంది.

"అచ్చిబాబు గారూ, బస్టాపు దాకా దింపమంటారా? వెనక సీట్లు ఖాళీయే. ఎక్కితే మాత్రం నోరు మెదపకూడదు."

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. వెనక తలుపు తీసుకుని ఎక్కాడు.