వదిన చెప్పిన ఆర్డరు

బొత్తాల కొట్టావిడ నోరు ఊరికే ఉండదు. ఆవిడ ఇస్త్రీ అతనితో అన్నదట, ఇస్త్రీ అతను పాలామెతో అన్నాడట, పాలామె గిన్నెలో పాలు వంచుతూ దాన్ని తెచ్చి రికార్డక్క చెవిన వేసింది.

"మీ మరిదికి రెండు చెవులూ పోయాయటగా! వెనకనుంచి లారీ హారను కొట్టినా కదల్లేదట. పొయ్యి ఆవిరికే అలా అయిందంటున్నారు. నిజమేనా అక్కా?"

రికార్డక్క పాలగిన్నె మీద మూత పెట్టి లోపలికి వచ్చేసింది. లారీ సంగతి ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలియదు గానీ, చెవుల సంగతి ఎక్కడ పుట్టిందో బాగా తెలుసు. తన నోట్లోనే పుట్టింది. వేలెడంత మాటగా బయటికి పోయి, ఊరంతా మేసి, కొమ్ములు మొలిచి ఇంటికి తిరిగొచ్చింది.

లారీ ఆఫీసుల వీధిలో వాళ్లది ఆరు బల్లల హోటలు. గల్లాపెట్టె దగ్గర భర్త, వంటగదిలో మరిది, బల్లల దగ్గర ఆమె. వంటగది గోడకు ఒక చదరపు కిటికీ ఉంది. ఆమె ఆర్డరు చెప్పేది అందులోంచే, పళ్లాలు వచ్చేదీ అందులోంచే. పదిమంది ఒక్కసారే కూర్చుని తలా ఒక వంక పెట్టేవారు. ఒకరికి ఆమ్లెట్టులో ఉల్లిపాయ వద్దు, ఒకరికి రొట్టె కాస్త మాడాలి, ఒకరి టీలో పంచదార ఉండీ లేనట్టుండాలి. ఆమె కాగితం ముట్టకుండా అన్నీ విని, కిటికీ దగ్గర గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. అందుకే ఆ పేరు. కొత్తగా వచ్చినవాళ్లను పాతవాళ్లు పందెంలోకి దింపి, ఓడగొట్టి, వాళ్ల డబ్బుతో టీలు తాగేవారు. భర్త కూడా గల్లాపెట్టె వెనక మీసం దువ్వుకుంటూ, "మా ఆవిడ బుర్ర ముందు కంప్యూటరు ఎందుకండీ పనికొచ్చేది?" అనేవాడు.

అలాంటి బుర్రకు నలభై ఏడో ఏట చిల్లు పడింది.

నెలసరి చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టంలా తయారైంది. ఉన్నట్టుండి మెడ దగ్గర సెగ పుట్టి మొహమంతా పాకేది. రాత్రిళ్లు దిండు తడిసిపోయేది, నిద్ర ముక్కలయ్యేది. వీటికి ఆమె భయపడలేదు. ఆడపుటక పుట్టాక తప్పేదేముందిలే అనుకుంది. భయపెట్టింది వేరొకటి. బల్ల దగ్గర విన్న మాటలు, కిటికీ దాకా నడిచేసరికి, చిల్లుచేటలో గింజల్లా దారిలోనే రాలిపోయేవి. అప్పుడల్లా పెద్దమ్మ కళ్లముందు కదిలేది. ఆవిడ చివరి రోజుల్లో కన్నకూతుర్ని పట్టుకుని, "ఎవరి పిల్లవే నువ్వు, బాగున్నావు," అని గడ్డం నిమిరింది.

ఒక మధ్యాహ్నం లారీ బుకింగు ఆఫీసు నుంచి ఎనిమిదిమంది వచ్చారు. ఆమె విన్నది, తల ఊపింది, కిటికీ దగ్గరికి వెళ్లింది. లోపల ఏమీ లేదు. ఖాళీ. ఒప్పుకోవడానికి నోరు రాక, తోచింది ధీమాగా చెప్పేసింది. కాసేపటికి పళ్లాలన్నీ వెనక్కి వచ్చాయి.

"ఏంటిది? ఎవరి నిర్వాకం?" అని గల్లాపెట్టె దగ్గర్నుంచి భర్త అరిచాడు.

"నేను సరిగ్గానే చెప్పా. మీ తమ్ముడికే వినబడలేదు."

ఆ మాట ఆమెను అడక్కుండానే బయటికి దూకింది. మరిది గరిటెతోనే కిటికీలోంచి తల పెట్టి చూశాడు. వదిన పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆమె నోట తప్పు ఆర్డరు విని ఎరగడు. చెవి రుద్దుకున్నాడు. "అంతేనేమో అన్నయ్యా. స్టవ్వు హోరులో..." అన్నాడు.

"ఏం మాస్టరూ, చెవిలో కూడా ఆమ్లెట్టు పోసుకున్నావా?" అని ఎవరో అన్నారు. బల్లంతా నవ్వింది. మరిదీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ గొంతులో ముల్లు.

ఒకసారి పనికొచ్చిన అబద్ధం మళ్లీ పనికొస్తుంది. పళ్లెం వెనక్కి వచ్చినప్పుడల్లా మరిది చెవే దొరికేది. అతను చుక్కల మందు కొని చెవుల్లో పోసుకున్నాడు. మాట వినబడాలని మంట తగ్గించి వండితే, ఆలస్యమవుతోందని అన్నతో తిట్లు తిన్నాడు. ఆమె కిటికీ దగ్గరికి రాగానే చెవి వెనక అరచెయ్యి ఒగ్గి, బడిపిల్లాడిలా నిలబడేవాడు. అది చూసిన రోజు ఆమెకు అన్నం సహించేది కాదు. మర్నాడు మళ్లీ అదే మాట అనేది. బుకింగు ఆఫీసువాళ్లు అతన్ని చెవిటి మాస్టరని పిలవడం మొదలుపెట్టారు.

నెలసరి గొడవ చెప్పుకోవడానికి ఆడడాక్టరు దగ్గరికి వెళ్లింది. అంతా చెప్పి, తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది.

"డాక్టరమ్మా, నాకేమైనా పిచ్చి పడుతోందా?"

డాక్టరమ్మ మళ్లీ కూర్చోబెట్టింది. "ఇంటిదారి తప్పుతున్నావా? పొయ్యి ఆర్పడం మరిచిపోతున్నావా?"

"లేదమ్మా. విన్నమాట నిలవట్లేదు. మా పెద్దమ్మ చివరికి కన్నకూతుర్నే పోల్చుకోలేదు."

"ఈస్ట్రోజన్ అని, అండాశయాల్లో తయారయ్యే హార్మోను. దానికి గర్భసంచితోనే పని అనుకుంటారందరూ. మెదడులో కొత్త సంగతుల్ని పట్టి ఉంచే చోటు ఒకటుంది, అక్కడా దానికి పనుంది. ఈ వయసులో అది ఒకరోజు పొంగుతుంది, ఒకరోజు అడుగంటుతుంది. ఆ కుదుపులకి మాటలు జారతాయి. పైగా నీకు నిద్ర లేదాయె. థైరాయిడ్ కూడా చూద్దాం. చాలామందికి కొన్నాళ్లకు సర్దుకుంటుంది. మీ పెద్దమ్మది వేరే జబ్బు, నీది అది కాదు. సెగలకీ నిద్రకీ మందు రాస్తా. అందాకా ఆర్డర్లు రాసుకో."

"రాసుకుంటే నన్ను రికార్డక్క అని ఎవరంటారమ్మా?"

డాక్టరమ్మ నవ్వింది. ఈమె నవ్వలేదు.

పిచ్చి కాదన్న సంతోషం ఆసుపత్రి మెట్లు దిగేదాకానే నిలిచింది. కింద రోడ్డు మీద నిలబడితే ఒళ్లంతా సిగ్గు కమ్ముకుంది. ఈసారి అది హార్మోను సెగ కాదని ఆమెకు తెలుసు. పిచ్చే అయ్యుంటే, చేసింది నేను కాదు పిచ్చి అనుకునే వీలుండేది. ఇంటికి వెళ్లి మందులు బియ్యం డబ్బా వెనక దాచింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే భర్త వేరే వంటవాణ్ణి మాట్లాడి వచ్చాడు. సోమవారం నుంచి తమ్ముడికి పొయ్యి లేదు, గిన్నెలు తోమి బజారు చేసుకోవడమే. మరిది "ఒక్కసారి చెవులు చూపించుకుని వస్తా అన్నయ్యా," అన్నాడంతే.

పాలామె మాట మోసుకొచ్చిన రోజే అతను పొయ్యి వదినకు అప్పజెప్పి పరీక్షకు వెళ్లాడు. మధ్యాహ్నం రద్దీ తగ్గి, షట్టరు సగం దించాక తిరిగొచ్చాడు.

"గాజుగదిలో కూర్చోబెట్టి చూశారన్నయ్యా. గుండుసూది పడినా వినబడుతుందన్నారు."

"ఆ మిషన్లను నమ్మేదేముందిలే," అంటూ భర్త చిల్లర సర్దుకుంటున్నాడు.

మరిది అన్నకేసి చూడలేదు. ఆమెకేసి చూశాడు. "మరి లోపం ఎక్కడుంది వదినా? చెవి బాగానే ఉంటే, నువ్వు చెప్పింది నాకెందుకు ఎక్కట్లేదు? నాకేమైనా పిచ్చి పడుతోందా?"

తను డాక్టరమ్మను అడిగిన మాటే. తన భయాన్ని తీసుకెళ్లి, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి నెత్తిన పెట్టిందన్నమాట. చేతిలోని తడిగుడ్డ బల్ల మీద పెట్టింది.

"నీకేం లేదు. తప్పు చెప్పింది నేనే. మొదటిరోజు నుంచీ నేనే." ఆగితే మళ్లీ నోరు రాదని, సెగలూ నిద్రా ఈస్ట్రోజనూ డాక్టరమ్మా అన్నీ కలగాపులగంగా చెప్పేసింది. బియ్యం డబ్బా వెనక దాచిన మందుల సంగతితో సహా.

భర్త మొహం తేటపడింది. "ఓస్, ఇంతేనా! ఒంట్లో మార్పుకి నువ్వు మాత్రం ఏం చేస్తావు? ఒరేయ్, మీ వదిన కావాలని చేసిందా ఏంటి? మరుపు. మనమే అర్థం చేసుకోవాలి."

ఆమె తలూపింది. ఊపాక, ఎందుకు ఊపానా అని తల దించుకుంది.

మరిది కొక్కేనికి వేలాడుతున్న తన ఏప్రన్ తీసి కిటికీ చట్టం మీద వేశాడు.

"ఆర్డర్లు మరిచిపోయావు, సరే వదినా. తప్పు నామీద వెయ్యడం మాత్రం ఒక్కసారైనా మరిచిపోలేదే?"