ఒక్కసారి నొక్కితే చాలు

లిఫ్టు మెకానిక్ బతుకులో ఎత్తుపల్లాలు ఎక్కువ. మన లిఫ్టాయన పొద్దున పైకి వెళ్తే సాయంత్రానికి గానీ కిందికి దిగడు. ఇన్నేళ్ళుగా ఎంతమందినో పైకి తెచ్చినవాడు తాను మాత్రం పైకి రాలేదని తన మీద తానే జోకు వేసుకునేవాడు. ఎవరూ నవ్వకపోతే తానే నవ్వేవాడు. ఆ నవ్వు లిఫ్టు గోతిలో పడి తిరిగొస్తే, "చూశారా, కిందవాళ్ళు కూడా నవ్వుతున్నారు" అనేవాడు.

ఆయనకు నవ్వు రాని విషయం ఒక్కటే, జనం లిఫ్టు బటన్‌ను టకటకా నొక్కడం.

"అయ్యా, దీపం వెలిగిందా? వెలిగింది. అంటే దానికి వినపడింది. ఇంక దాన్ని పొడవకండి. ఒక్కసారి నొక్కితే చాలు, వచ్చేది వస్తుంది!"

నొక్కొద్దని ఇంతగా నొక్కి చెప్పినవాడు ఇంకొకడు లేడు. ఇంట్లో పిల్లలకు ఈ మాట కంఠతా వచ్చు.

ఆయన భార్య బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఉద్యోగి. వీధి మొత్తానికి ఆమె మైకమ్మ. ఆ గొంతుకు మైకెందుకని పక్కింటావిడ ఎత్తిపొడుపు. లిఫ్టాయనకు మాత్రం ఆ గొంతంటే మైకం. వీధి చివర ఆడుకునే పిల్లల్ని ఆమె వంటింట్లోంచి కేకేస్తే, వాళ్ళిద్దరితో పాటు ఎవరెవరి పిల్లలో వచ్చేవాళ్ళు, ఒక్కోసారి ఒక కుక్క కూడా.

అంతటి గొంతు మూగబోయింది. లోపల చిన్న చిన్న కాయలు కాశాయని డాక్టరమ్మ ఆపరేషన్ చేసి తీసేసింది. తాను మళ్ళీ చూసేదాకా గుసగుస కూడా ఆడొద్దంది.

"ఆ తర్వాత గొంతు వస్తుందా అండీ?"

"చాలామందికి వస్తుంది" అంది డాక్టరమ్మ.

ఆ 'చాలామంది' ముల్లులా గుచ్చుకుంది లిఫ్టాయనకు. గొంతు రాకపోతే బస్టాండులో ఆమెకు ఆ కుర్చీ ఉండదు. ఇంట్లో ఆ సందడి ఉండదు. తన జోకులకు, "చాల్లెండి, మీరూ మీ జోకులూ!" అని మూడిళ్ళకు వినపడేలా విసుక్కునే మనిషి ఉండదు.

అంతవరకు పైవాడితో ఆయనకున్నది వృత్తిపరమైన పరిచయం మాత్రమే. ఇప్పుడు ఒక్కసారిగా చుట్టరికం కలిపేశాడు. గడ్డం గీసుకుంటూ దేవుడా, గేర్లకు నూనె వేస్తూ దేవుడా, అన్నం కలుపుతూ దేవుడా. కోరిక మాత్రం ఒక్కటే, గొంతు. లోకంలో ఎందరో గొంతెమ్మ కోరికలు కోరారు గానీ, అసలు సిసలు గొంతెమ్మ కోరిక ఈయనదే.

ఇంట్లో పిల్లలు ఇద్దరు. పెద్దది ఒకటో తరగతి. నోరు తెరిస్తే ప్రశ్నే కాబట్టి ప్రశ్నమ్మ. దాని తమ్ముడు ఇంకా బడి మొహం చూడలేదు. అక్క ఏమన్నా చివరి ముక్క పట్టుకుని తిరిగి అంటాడు కాబట్టి వంతపాట. వాళ్ళు ఆడుకోవడానికి, కూల్చేసిన ఏదో భవనంలోని లిఫ్టు బటన్ల పలకను లిఫ్టాయన తెచ్చి హాలు గోడకు బిగించాడు. దానికి తీగ లేదు, కరెంటు లేదు. అయినా ఆ హాల్లోంచి పిల్లలు వెళ్ళని అంతస్తు లేదు.

ఆపరేషన్ అయిన మర్నాడు ప్రశ్నమ్మ స్టూలెక్కి, అన్నిటికంటే పై బటన్‌ను ఒక్కసారి నొక్కి, కళ్ళు మూసుకుని, అచ్చం వాళ్ళమ్మ బస్టాండు గొంతుతో అంది:

"దేవుడుగారికి విజ్ఞప్తి. మా అమ్మ గొంతు దయచేసి పంపించగలరు. కొంచెం తగ్గించి పంపించగలరు. ధన్యవాదాలు."

"వాదాలు" అన్నాడు వంతపాట, కళ్ళు గట్టిగా మూసుకుని.

స్టూలు దిగారు. ఆటలోకి పోయారు. ఆ తర్వాత ఆ ఊసే లేదు. లిఫ్టాయన ఒకరోజు చూశాడు, రెండ్రోజులు చూశాడు, ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏమే, దేవుడికి మళ్ళీ చెప్పలేదేం?"

"చెప్పాం కదా నాన్నా."

"ఎప్పుడో చెప్పారు. రోజూ చెప్పాలి."

"ఎందుకు? ఆయనకి మతిమరుపా?"

"మరుపా?" అన్నాడు వంతపాట.

"అది కాదే. విన్నాడని మనకెలా తెలుస్తుంది?"

"దీపం వెలిగిందిగా!"

"ఏ దీపం? దానికి తీగే లేదు."

"కళ్ళు మూసుకుంటే వెలిగింది. నీకు వెలగదా?"

లిఫ్టాయన గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో సవరించుకోవడానికి మిగిలిన గొంతు అదొక్కటే మరి.

"సరే. మరింత ఆలస్యమెందుకో?"

"చాలా పైనుంచి రావాలి కదా నాన్నా. దారిలో ఎవరెవరో ఎక్కుతుంటారు. వాళ్ళని దింపొద్దా?"

"ఒకవేళ రాకపోతే?"

"రాకపోతే మెట్లెక్కుతాం" అని ప్రశ్నమ్మ ఆ మెట్లేమిటో చూపించింది. తల్లీబిడ్డలు ఈ నాలుగు రోజుల్లో ఒక చేతుల భాష కట్టుకున్నారు. చెవి లాగితే అన్నానికి రమ్మని. ముక్కు మూసుకుంటే స్నానానికి పొమ్మని. రెండు చెవులూ మూసుకుంటే నాన్న జోకేశాడని.

"ఈ మూడోది ఎవరు కనిపెట్టారే?"

"అమ్మే. ఎక్కువ వాడేది కూడా అదే."

మర్నాడు మధ్యాహ్నం హాల్లో ఎవరూ లేరని చూసుకుని లిఫ్టాయన పలక ముందు నిలబడ్డాడు. పై బటన్ నొక్కి కళ్ళు మూసుకున్నాడు. చీకటి. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. మళ్ళీ చీకటే. ఇక టకటకా, టకటకా...

"నాన్నా! చెడిపోతుంది!" ప్రశ్నమ్మ గుమ్మంలోంచి అరిచింది.

"పోతుంది!"

వాళ్ళ వెనక మైకమ్మ నిలబడి ఉంది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా నవ్వుతోంది. భుజాలు కదలడం తప్ప ఏమీ వినపడని ఆ నవ్వు చూసి లిఫ్టాయనకు ఏడుపొచ్చింది. అందుకని ఒక జోకేశాడు. ఆమె రెండు చెవులూ మూసుకుంది.

డాక్టరమ్మ రమ్మన్న రోజు నలుగురూ ఆసుపత్రికి వెళ్ళారు. మైకమ్మను లోపలికి పిలిచి తలుపు వేశారు. పిల్లలు బయట బెంచీ మీద కూర్చుని కాళ్ళూపుకుంటున్నారు. లిఫ్టాయన తలుపు దగ్గరికి వెళ్ళాడు, చెవి పెట్టాడు. ఏమీ వినపడలేదు. ఒకప్పుడు ఆ గొంతును ఆపే తలుపే ఉండేది కాదు. నాలుగడుగులు వేస్తే ఎదురుగా లిఫ్టు కనిపించింది. ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా వేలు దానంతటదే బటన్ మీదికి పోయింది. నొక్కాడు. దీపం వెలిగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ, మళ్ళీ. దేవుడా, దేవుడా, దేవుడా.

"దీపం వెలిగింది కదండీ. ఎన్నిసార్లు నొక్కుతారు?"

ఎవరో బొంగురు గొంతావిడ. "క్షమించండమ్మా, నేనే మెకానిక్‌ని" అంటూ వెనక్కి తిరిగాడు.

మైకమ్మ.

చిరిగిన డోలులాంటి గొంతు. తలుపు సందులోంచి దూరివచ్చినంత సన్నంగా ఉంది. కానీ ఆమెదే.

"మెల్లగా తెరుచుకుంటుందిట. మునుపటంత వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ."

"మరి... బస్టాండు?"

"మైకున్నది అందుకేగా. ఇన్నాళ్ళూ దానికి పని లేకుండా చేశాను" అంది మైకమ్మ.

ప్రశ్నమ్మ బెంచీ మీంచి దూకింది. "నేనే కొంచెం తగ్గించి పంపించమన్నాను!"

"అదేం కోరికే!"

"నువ్వు పిలిస్తే వీధిలో అందరూ మన ఇంటికి వచ్చేస్తున్నారు. కుక్క కూడా."

"కుక్క కూడా."

మైకమ్మ నవ్వింది. ఈసారి కొంచెం వినపడింది. లిఫ్టాయన ముక్కు ఎగబీల్చి, "మన ఇంట్లో సౌండు తగ్గింది గానీ..." అంటూ జోకు ఎత్తుకోబోయాడు.

"చాల్లెండి, మీరూ మీ జోకులూ" అంది ఆమె బొంగురుగా. ఒక్క ఇంటికి సరిపడా వినపడింది.

లిఫ్టు వచ్చింది. నలుగురూ ఎక్కారు. లిఫ్టాయన కింది బటన్ వైపు వేలు చాపేలోపే వంతపాట అక్క భుజం పట్టుకుని ఎగిరి, అన్నిటికంటే పైది నొక్కేశాడు, ఒక్కసారి.

"ఒరేయ్, మనం కిందికి వెళ్ళాలిరా!"

వంతపాట అక్క వైపు చూశాడు. అక్క ఏమీ అనలేదు. అందిపుచ్చుకోవడానికి చివరి ముక్క లేక వాడే చెప్పుకోవాల్సి వచ్చింది.

"ముందు పైకి. గొంతు అందిందని చెప్పొద్దూ?"

ఇన్నేళ్ళలో బాగు చేయడానికి తప్ప పైకి వెళ్ళిందెప్పుడో లిఫ్టాయనకు గుర్తు రాలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. తలుపులు మూసుకున్నాయి.