పేటిక మీది చోటు

నది పడమటి గట్టున, పేటికలు చేసే పషెదు కొట్టంలో శవపేటిక సిద్ధమైంది. పేరు రాయడమొక్కటే తరువాయి. పొద్దు వాలేలోగా పూడ్చాలి. పేరు లేకపోతే అమ్మ ప్రాణపక్షి ఎగిరి తిరిగొచ్చి ఏ ఒంటి మీద వాలాలో తెలియక తిరుగుతూనే ఉంటుంది. కూతురు హునెరో భయమంతా అదే.

అది పాత పేటిక. ఏ సమాధిలోంచి వచ్చిందో ఆమె అడగలేదు. అడిగితే మాత్రం చెబుతాడా ఏమిటి! కొండ మీది గొప్పవాళ్లకు పేటికలో పేటిక, అందులో ఇంకో పేటిక. కింద ఇసుకలో, బట్టలుతికేవాళ్లకు రెల్లుచాప. అమ్మను చాపలో చుట్టనని హునెరో మొండికేసింది.

పూత ఆరేదాకా పేటికకు తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్రో మెలకువో తెలియదు. జడల విగ్గు పెట్టుకున్న ఒకావిడ పేటిక చుట్టూ మెల్లగా తిరుగుతోంది. ఆవిడ పాదాలకు ఇసుక అంటడం లేదు.

"ఇది మా ఇల్లే కదమ్మా? గుమ్మం కనబడ్డంలేదు," అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

హునెరో లేచి, పచ్చి పూతను గోటితో గీకింది. కింద పాత అక్షరాలు బయటపడ్డాయి.

"ఏం పనే అది? ఇప్పుడేగా పూశాను," అన్నాడు పషెదు.

"ఎవరిది బాబాయ్ ఈ పేరు?"

"నెస్ముత్. అమున్ గుడి పాటకత్తె. పోయి వందేళ్లయింది, ఇప్పుడెవరడుగుతారు?"

"నన్నడిగింది. రెండు పేర్లూ రాయి."

"చోటేదీ? వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల సారా, వెయ్యి ఎద్దులు, వెయ్యి బాతులు, వెయ్యి బట్టలు పరలోకంలో అందాలని రాశాక ఒక్క పేరే పడుతుంది."

"ఎద్దులు తీసెయ్. మా అమ్మ ఎప్పుడు తిన్నది గనక? బాతులూ తీసెయ్."

"ఇంకా చాలదు."

"బట్టలూ తీసెయ్. వెయ్యి బట్టలు ఎవరుతుకుతారు, ఆ పాటకత్తె ఉతుకుతుందా?"

పషెదు నవ్వాపుకోలేకపోయాడు. "ఇద్దరాడవాళ్లు ఒకే పేటికలో! కొట్టుకు చస్తారే."

"ఇంకా ఏం చస్తార్లే, రాయి."

రాశాడు. హునెరోకు చదువు రాదు, చదివి వినిపించమంది. పోయినవాళ్ల పేరు ముందు ఒసిరిస్ దేవుడి పేరు చేర్చాలి, రాజుకైనా అంతే. పషెదు వేలు పెట్టి చదివాడు. "ఒసిరిస్ నెస్ముత్." తరవాత అదే గొంతుతో, "ఒసిరిస్ తామిత్."

హునెరో భోరుమంది. బతికినన్నాళ్లూ ఆ ఊరంతా అమ్మను "ఒసేయ్ తామిత్" అనే పిలిచింది.