తొడుక్కోని కోటు

నేను ఒక కోటును. నా రంగు కాఫీపొడి రంగు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా బతుకులో జరిగిన గొడవంతా దానివల్లే.

తెనాలిలో మస్తాన్ మాస్టారి మిషను మీద పుట్టాను. పోస్టుమాస్టరు భీమశంకరంగారు కాబోయే అల్లుడి రిసెప్షను కోసం నన్ను కుట్టించారు. మూడు కొట్లు తిరిగి, మన్నిక ఎక్కువని ఈ గుడ్డే ఎంచారు. మన్నిక చూసే మనిషికి రంగు కనబడదు.

రిసెప్షను సాయంత్రం పెళ్లికొడుకు కోదండపాణి నన్ను ఒక్కసారి చూసి అలిగాడు. పెళ్లికొడుకులు అలగడం మామూలే. వాచీకో ఉంగరానికో అలుగుతారు, ఇవ్వగానే దిగివస్తారు. ఇతను రంగుకు అలిగాడు. "ఇది తొడుక్కుంటే నన్ను బ్యాండుమేళంవాడు అనుకుంటారండీ" అని తెల్లచొక్కాతోనే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. మామగారు నన్ను మడతపెట్టి, సారెతోపాటు కూతురు సువర్చల పెట్టెలో పంపించారు.

ఇరవై ఎనిమిదేళ్లు బీరువాలో ఉన్నాను. తోడుగా కలరా ఉండలుండేవి, అవీ కొన్నాళ్లకు కరిగిపోయేవి. ఇతను పండక్కి అత్తారింటికి వెళ్లినప్పుడల్లా భీమశంకరంగారు, "కోటు ఎట్టా ఉంది అల్లుడుగారూ?" అని అడిగేవారట. "బాగానే ఉందండీ" అనేవాడట ఇతను. బీరువా సర్దుతూ సువర్చల నాతో చెప్పుకునేది. అతను చెప్పింది అబద్ధం కాదు. నేను బాగానే ఉన్నాను.

పోయిన వేసవిలో ఆ పెద్దాయన పోయారు. పదకొండో రోజు కర్మ ముగిసి ఇంటికి వచ్చాక సువర్చల బీరువా తెరిచి, నన్ను చేత్తో తడిమి, మళ్లీ మూసేసింది.

ఈ ఏడు కోదండపాణి సహకార బ్యాంకులో రిటైరయ్యాడు. తోటివాళ్లంతా కలిసి చెన్నై నుంచి మూడు రోజుల ఓడ ప్రయాణం పెట్టుకున్నారు. రెండో సాయంత్రం ఫార్మల్ డిన్నరు, మగవాళ్లకు కోటు తప్పనిసరి అని ఓడవాళ్లు కాగితం పంపారు. ఇంత పెద్ద ఓడను నీళ్లమీద తేల్చినవాళ్లకు మనిషి చొక్కాతో అన్నం తింటే ఏం మునుగుతుందో నాకు తెలియదు. కోదండపాణి వారం రోజులు ఫోన్లలో చర్చించాడు. సఫారీ చాలదన్నారు. పట్టుపంచె చెల్లుతుందని ఒకరన్నారు, చెల్లదని ఇద్దరన్నారు. చివరికి పక్కింటి లాయరుగారి నల్లకోటు అడిగి తెచ్చుకున్నాడు. తొడిగి చూసుకోలేదు. "కోటంటే కోటే" అన్నాడు.

సువర్చల మాత్రం అతని చొక్కా ఒకటి ఆదికి తీసుకుని నన్ను మస్తాన్ మాస్టారి దగ్గరకు పట్టుకెళ్లింది. ముసలాయన కుట్లు విప్పి నవ్వాడు. "లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదిలానమ్మా. పెళ్లయ్యాక అల్లుడు ఒళ్లు చేస్తాడు, వదులు మాస్టారూ అని మీ నాయనగారే పక్కన కూర్చుని వదిలించారు."

రెండో సాయంత్రం ఓడ గదిలో లాయరుగారి కోటు కోదండపాణి భుజాల దగ్గరే ఆగిపోయింది. లాయరుగారు వెదురుబొంగులా ఉంటారు. అప్పుడు సువర్చల పెట్టె అడుగునుంచి నన్ను తీసింది.

"ఇదెందుకు తెచ్చావే?"

"నాన్న ఉన్నన్నాళ్లూ మీరు అలిగారు, ఊరుకున్నాను. ఇంక ఎవరిమీద అలుగుతారండీ? ఒక్కసారి తొడుక్కోండి. నా కళ్లతో చూసుకుంటాను."

ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె అడిగింది ఇదొక్కటే. అతను చేతులు చాచాడు. నేను సరిగ్గా సరిపోయాను. నాలుగు వేళ్ల గుడ్డ సంగతి ఆమె అప్పుడు చెప్పింది. అతను అద్దంలోకి చూస్తూ నా పక్క కుట్టు ఒకసారి తడుముకున్నాడు.

భోజనాల హాల్లో అడుగు పెట్టగానే నాకు విషయం అర్థమైంది. కూర్చున్నవాళ్లంతా నల్లకోట్లు. వడ్డించేవాళ్లంతా కాఫీపొడి రంగు కోట్లు. కోదండపాణి ఇంకా కుర్చీ లాక్కోలేదు, పక్క బల్ల దగ్గరి పెద్దమనిషి వేలు ఊపి, "బాబూ, కాసిని మంచినీళ్లు!" అన్నాడు.

బ్యాంకు మిత్రులు తలలు తిప్పారు. సువర్చల ముఖం పాలిపోయింది. "పదండి, గదికి వెళ్లిపోదాం" అంది మెల్లగా. ఇక అతను నన్ను విప్పి సముద్రంలో పారేస్తాడనే నేనూ అనుకున్నాను.

కోదండపాణి బల్లమీది జగ్గు అందుకున్నాడు. వెళ్లి పెద్దమనిషి గ్లాసు నింపాడు. "ఇంకేమన్నా కావాలాండీ?" అని అడిగాడు. వెనక్కి వచ్చి భార్య గ్లాసు కూడా నింపి, పక్కన కూర్చున్నాడు.

"మీ నాన్నగారు ఉండగా ఒక్కసారి తొడుక్కోవాల్సింది సువర్చలా. తప్పు నాదే."

అంతమందిలో ఆమె నా భుజం మీద ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఉన్ని గుడ్డకు ఉప్పునీళ్లు పడవు. నేనేమీ అనుకోలేదు.