రెండో చరణంలో ఊపిరి

ఆ పాట మామూలుదే. రానివాడి కోసం తలుపు దగ్గర నిలబడిన మనిషి పాట. పల్లవి అయిపోతుంది, మొదటి చరణం అయిపోతుంది, రెండో చరణంలో ‘వస్తానన్న’ అని గాయకుడు ఆగుతాడు. ఒక చిన్న ఊపిరి అంచు తెగినట్టు గీరుకుంటూ లోపలికి పోతుంది. ఆ తర్వాత ‘వేళ’ అంటాడు. అంతే. ఆ ఊపిరి దగ్గర మంగలి షాపులో కత్తెర ఆగేది. దూరం పోయే బస్సులో డ్రైవరు చెయ్యి చాచి సౌండు పెంచేవాడు. పళ్ల డాక్టరు గది బయట కూర్చున్నవాళ్లు దవడ మీది చెయ్యి ఒక్క క్షణం తీసేవారు. ముప్పయ్యెనిమిదేళ్లుగా పోటీల్లో పాడే పిల్లలు ఆ ఊపిరి కోసమే సాధన చేస్తున్నారు. అది సరిగ్గా పడకపోతే మార్కులు తగ్గిస్తారు. తగ్గించేవాళ్లలో ఆ గాయకుడు కూడా ఒకడు.

ఆయనను జనం పన్నీరు గొంతాయన అంటారు. మొదట్లో ఒక హోటల్లో, జనం భోంచేస్తుంటే మూల నిలబడి పాడేవాడు. తినేవాళ్లకు అడ్డం రాకుండా పాడమని యజమాని చెప్పాడు. గొడ్డు మేస్తుంటే గంగడోలు నిమిరినట్టు పాడటం అక్కడ అలవాటైంది. అదే ఆయన అదృష్టమైంది. రేడియో పిలిచింది, రికార్డుల కంపెనీ పిలిచింది. నాలుగు వందల లలిత గీతాలు పాడాడు. పెద్ద విద్వాంసులు ఆయన్ని ఏనాడూ మెచ్చుకోలేదు. అలాగని వద్దన్న ఇల్లూ లేదు.

ఆ ఊపిరి ఎక్కడిదని పత్రికలవాళ్లు అడిగినప్పుడల్లా ఒకటే చెప్పేవాడు. “మా అమ్మ గుమ్మంలో నిలబడి ఎదురుచూసేది. ఆమె నిట్టూర్పు గుర్తొచ్చింది. దానంతటదే వచ్చేసింది.” మొదటిసారి చెప్పినప్పుడు అబద్ధమనే ఎరుక కొంచెం ఉండేది. పదోసారికి అదీ పోయింది.

కంపెనీవాళ్లు ఇప్పుడు ఆయన పాటలన్నీ ఒకచోట చేర్చి మళ్లీ తెస్తున్నారు. పాత టేపులు కంప్యూటర్లోకి ఎక్కించే పని పాత రికార్డిస్టుకే అప్పగించారు. ఒకనాటి ఉదయం ఆ రికార్డిస్టు ఫోన్ చేసి, “గురువుగారూ, ఒకసారి వచ్చి పోండి. మీరు వినాల్సిందొకటి ఉంది,” అన్నాడు.

స్టూడియో నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. గదిలో గోడలకు కొట్టిన గోనె రంగు గుడ్డ అక్కడక్కడ చిరిగి దూది బయటికొచ్చింది. పాత టేపుల పులిసిన వాసన కొడుతోంది. రికార్డిస్టుకు చెవులు సగం పోయాయి. చెవిటివాడు అద్దం వెనక కూర్చుని పాటలు శుభ్రం చేయడమేమిటని కంపెనీలో కుర్రవాళ్లు నవ్వుకుంటారట. “చెవితో కాదు నాయనా, వేళ్లతో వింటాను” అని ఆయన వాళ్లకు చెబుతాడట.

“పెట్టె అడుగున పడిపోయి మిగిలిపోయిందండి. చెల్లెమ్మగారి ట్రాక్,” అన్నాడు రికార్డిస్టు.

ట్రాక్ అంటే దారి చూపే పాట. పన్నీరు గొంతాయనకు స్వరాలు చదవడం రాదు. ఆయన చెల్లెలికి వచ్చు. పొద్దున సంగీతం కట్టినాయన దగ్గర ఆమె పాట నేర్చుకుని, అన్న శ్రుతిలోనే, తనకు అది ఎంత కిందైనా సరే, టేపు మీద పాడి పెట్టేది. మధ్యాహ్నం ఆయనొచ్చి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆమె వెనకాలే పాడేవాడు, నాగటి చాలు వెంట నడిచే కొంగలా. తన పాట ఓకే అనిపించాక అద్దంలోంచి రికార్డిస్టు వైపు చూసి చూపుడు వేలితో గాలిలో అడ్డంగా గీత గీసేవాడు. అంటే ట్రాక్ తుడిచెయ్యమని. అలా అయిదేళ్లు. ఆమె పాడినవన్నీ అలాగే పోయాయి.

రికార్డిస్టు టేపు తిప్పాడు. చెల్లెలి గొంతు వచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల గొంతు. పల్లవి, మొదటి చరణం. ఆయన తల ఊపుతూ వింటున్నాడు. రెండో చరణం మొదలైంది. ‘వస్తానన్న’ అని ఆమె ఆగింది. ఊపిరి తెగింది, గీరుకుంది. ‘వేళ’ అంది.

ఆయన తల ఊపడం ఆగిపోయింది.

“ఆ రోజు లిఫ్టు పాడైంది గుర్తుందా?” అన్నాడు రికార్డిస్టు, టేపు ఆపకుండానే. “మీ భోజనం క్యారియర్ పట్టుకుని నాలుగంతస్తులూ ఎక్కి వచ్చింది. అసలే ఆయాసం మనిషి. కాసేపు కూర్చుని పాడతానంది. మీరు ఆ రోజు ముందే వచ్చి ఉన్నారు, టైమైపోతోందన్నారు. పాడాక, ఒకచోట తెగింది, మళ్లీ పాడతానంది. ‘ట్రాకే కదా, ఎవడు వింటాడు’ అన్నారు మీరు.”

అన్నాడో లేదో ఆయనకు గుర్తు లేదు. అనలేదని చెప్పలేడు, ఆ మాట తన నోటికి అలవాటైనదే.

“చెల్లెమ్మగారిది ఇదొక్కటే మిగిలిందండి. కంపెనీవాళ్లు చివర్న పెడతారేమో అడుగుదాం. మీరు సరేనంటేనే ఎక్కిస్తాను.”

తేలు కుట్టిన దొంగ అరవలేడు. ఆయనా అరవలేదు. ఆయనకు పత్రికల్లో బొమ్మలు కనబడ్డాయి, అమ్మ గుమ్మం కనబడింది, మార్కులు తగ్గించిన పిల్లల ముఖాలు కనబడ్డాయి. మూడో చరణం మొదలుకాబోతుండగా వేలు పైకి లేచింది. గాలిలో అడ్డంగా గీత గీసింది. చెయ్యి దానంతటదే కదిలిందని తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు గానీ, ఆ వేలు ఏం చెప్పిందో గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు. రికార్డిస్టు ఒక్కసారి ముఖంలోకి చూశాడు. టేపు ఆపాడు.

మెట్ల మీదుగా దిగి వచ్చాడు ఆయన. లిఫ్టులో అద్దం ఉంది.

మర్నాడు పొద్దున్నే చెల్లెలింటికి వెళ్లాడు. సైకిల్ షాపు మీద రెండు గదులు. చెల్లెలు స్కూలు పిల్లల చొక్కాలు కుడుతుంది. తలుపు బావ తీశాడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, మాట ఇప్పటికీ టికెట్టు చించినట్టే ఉంటుంది.

“రావయ్యా జోలపాటా. ఇప్పుడే లేచాం, అప్పుడే నిద్రపుచ్చడానికి వచ్చావా?”

“ముందు ఆయన్ని లోపలికి రానివ్వండి,” అంది చెల్లెలు మిషను తొక్కుతూనే. “చొక్కాలు పక్కకి జరిపి కూర్చో అన్నయ్యా. గుండీలు కుట్టనివి అవి, కలపకు. ఏంటి ముఖం అలా ఉంది? ఒంట్లో బాలేదా?”

ఆయన చొక్కాల మూట ఒళ్లోకి తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మిషను బల్ల మీద దారపు ఉండల మధ్య ఆమె పీల్చే మందు గొట్టం ఉంది. ఎన్నిసార్లు వచ్చాడో ఈ ఇంటికి. దాన్ని ఎప్పుడూ చూడలేదు.

“నిన్న పాత స్టూడియోకి వెళ్లాను. నీ ట్రాక్ ఒకటి దొరికింది. ఆ పాటది.”

మిషను ఆగింది. ఏ పాట అని ఆమె అడగలేదు.

“ఆ ఊపిరి నీది అమ్మలూ.”

“తెలుసు.”

“ఎప్పట్నించి?”

“రేడియోలో మొదటిసారి వచ్చినప్పట్నించి. నా ఆయాసం నాకు తెలీదా?”

“మరి ఏనాడూ అనలేదేం? నేను అమ్మ పేరు చెప్పుకు తిరుగుతుంటే కూడా.”

“అదొక్కటే నాకు మింగుడు పడలేదయ్యా,” అన్నాడు బావ. “మా అత్తగారు నిట్టూర్చగా నేను చూడలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడితే వీధి చివర కుక్కలు కూడా లేచిపోయేవి.”

ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్లే. చెల్లెలు కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“ఏమనమంటావు? నువ్వు నన్ను వెక్కిరించావనుకున్నాను.”

“వెక్కిరించడమా?”

“చిన్నప్పుడు చేసేవాడివిగా. నేను పరిగెత్తుకొస్తే పిల్లి గురక అని అందరి ముందూ చేసి చూపించేవాడివి. ఇప్పుడు రికార్డులో చేశాడు, ఊరూవాడా వినేట్టు చేశాడు అనుకున్నా. జనం అది బాగుందన్నారు. ఇంక నేనేం చెప్పను? అందుకే రావడం మానేశాను.”

“పిల్లలు చిన్నవాళ్లు, కుదరట్లేదన్నావు.”

“ఏదో ఒకటి అనాలిగా అన్నయ్యా.”

బావ కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

పన్నీరు గొంతాయనకు ఒక దారి కనిపించింది. అవును, వెక్కిరించాను, కుర్రతనం, మన్నించు అంటే సరిపోతుంది. అన్న చెల్లెల్ని ఏడిపించడం లోకంలో లేనిదేం కాదు. దొంగ కంటే ఆకతాయి నయం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒళ్లో గుండీలు లేని చొక్కాల వైపు చూస్తూ మింగేశాడు.

“వెక్కిరించలేదు. అసలు గమనించనే లేదు. నువ్వెలా పాడావో అలా పాడుకుంటూ పోయాను. నీకు ఆయాసం వచ్చిందని కూడా చూడలేదు. జనం బాగుందన్నాక నాదే అనుకున్నాను.”

చెల్లెలు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు.

“వెక్కిరించావనుకున్నప్పుడే నయం,” అంది. “నన్ను విన్నావనైనా ఉండేది.”

బడి చదువు పెద్దగా లేని మనిషి, చొక్కాలు కుట్టుకునే మనిషి, అంత తేలిగ్గా అనేసింది. నాలుగు వందల పాటల మనిషి ఒళ్లోని చొక్కా మడత విప్పి మళ్లీ వేశాడు.

అంతలో ఆమె ముఖం మారింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

“టేపు తెచ్చావా? మనవరాలికి వినిపిస్తా. నేను పాడేదాన్నంటే ఆ పిల్ల నవ్వుతుంది. అమ్మమ్మా నువ్వా అంటుంది. టేపు మోగించే మిషను సైకిల్ షాపతను ఎక్కడైనా పట్టుకొస్తాడు. ఏదీ?”

ఆ ముఖం చూస్తూ చెప్పడం ఆయన జన్మలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైన పని.

“తేలేదు. తుడిచెయ్యమన్నాను.”

బావ కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు.

“నిన్ననా?” అంది చెల్లెలు.

“నిన్ననే. జనానికి తెలిసిపోతుందని.”

“తుడిచేశాడా?”

“తెలీదు. చేసి ఉండడేమో. కనుక్కుంటాను.”

ఫోన్ తీసి కలిపాడు. చెవిటివాడు గనక రికార్డిస్టు ఎప్పుడూ అరిచే మాట్లాడతాడు. ఫోన్ చెవికి ఆనించుకున్నా గదిలో ముగ్గురికీ వినబడింది.

“ఏ టేపండీ? చెల్లెమ్మగారిదా? మీరు మెట్లు దిగుతుండగానే తుడిచేశాను గురువుగారూ. మీరు వేలు గీశారుగా. మీ వేలు గీస్తే నేను తుడవని రోజుందా? మనసొప్పలేదు గానీ, మీ పాట, మీ ఇష్టం. ఏమైంది? హలో?”

ఆయన ఫోన్ పెట్టేశాడు. కింద సైకిల్ షాపులో ఎవరో చక్రం తిప్పి చూస్తున్నారు. అది చాలాసేపు తిరిగి ఆగింది.

“నువ్వు పద వంటింట్లోకి,” అన్నాడు బావ భార్యతో. ఆయన గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం ఉంది. “కాస్త మంచినీళ్లు తాగు.”

ఆమె కదల్లేదు. మళ్లీ మిషను ముందు కూర్చుని, అన్న ఒళ్లోంచి ఒక చొక్కా లాక్కుని గుండీ పెట్టింది.

“నువ్వు విన్నావుగా,” అంది తల ఎత్తకుండా. “ఎలా ఉంది?”

బాగుంది అనబోయాడు. పోటీల్లో ప్రతి పిల్లకీ అనే మాట అది. ఆగి, గుర్తు చేసుకున్నాడు.

“నా శ్రుతి నీకు బాగా కింద. అయినా అడుగు ఆనించి పాడావు. పల్లవిలో తొందర లేదు. మొదటి చరణం చివర నేను సాగదీసి తీపి పూస్తానే, అక్కడ నువ్వు ఊరికే వదిలేశావు. వదిలెయ్యడమే బాగుంది. నాకది చేతకాలేదు.”

“ఊఁ. రెండోది?”

“ఊపిరి అందలేదు. కానీ శ్రుతి తప్పలేదు. ‘వేళ’ అన్నప్పుడు నిజంగా ఎవరి కోసమో నిలబడ్డట్టే ఉంది.”

“కుర్చీ కోసం,” అంది చెల్లెలు. బావ ఫక్కున నవ్వబోయి ఆపుకున్నాడు. ఆమె పెదవి చివర కూడా కొంచెం కదిలింది. దారం నాలుగుసార్లు చుట్టి ముడి వేసింది.

“మూడోది?”

ఆయన చొక్కాల మూటను రెండు చేతులా పట్టుకున్నాడు. ఏదో ఒకటి చెప్పవచ్చు. ఆ పాట ఆయన వెయ్యిసార్లు పాడాడు, కళ్లు మూసుకుని కల్పించి చెప్పగలడు. ఆమె కనిపెట్టనూ లేదు. ఆ సంగతి ఈ గదిలో ఆయనకొక్కడికే తెలుసు.

“వినలేదమ్మలూ,” అన్నాడు. “అంతకు ముందే ఆపించాను.”

చెల్లెలు తల ఊపింది. వంగి దారాన్ని పంటితో కొరికింది.

“మూడోదే బాగా పాడాను,” అంది. “అప్పటికి ఆయాసం తగ్గింది.”